అడ్మిషన్ సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు వేసే స్కోరులో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మా ప్రైవేటు స్కూల్లో అడ్మిషన్ ఎంక్వయిరీలు నేనే చూస్తాను. ఈ ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. వచ్చిన ప్రతి కుటుంబానికీ అది నూటికి ఇన్ని మార్కులని స్కోరు వేస్తుంది. తండ్రి ఉద్యోగం, ఆదాయం, పిన్‌కోడ్, ఇంట్లో మాట్లాడే భాష అన్నీ లెక్కలోకి వెళ్తున్నాయి. పాతపట్నం వాళ్లు ఎప్పుడూ లిస్టులో అడుగునే ఉంటున్నారు. పైన ఉన్నవాళ్లకే ఫోన్ చేయమంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. సెట్టింగులు నేను మార్చుకోవచ్చు. ఏం చేయమంటారు?

జవాబు (రాయగడ నుంచి):
మేడమ్, ముందు పాతపట్నం సంగతి చూద్దాం. వాళ్లది ఆంధ్రప్రదేశ్, పిన్‌కోడ్ 532తో మొదలవుతుంది; మీది ఒడిశా, 761తో. పిన్‌కోడ్‌కి మార్కులు పెట్టారంటే సాఫ్ట్‌వేర్ వాళ్లని వేరే రాష్ట్రం కింద, దూరం కింద లెక్కేస్తుండొచ్చు. సరిహద్దు అవతలే ఉన్న ఊరని దానికేం తెలుస్తుంది? పిన్‌కోడ్ మార్కులు తీసేసి, స్కూల్ బస్సు వెళ్లే ఊళ్లేవో మీరే గుర్తు పెట్టండి.

ఇక అసలు విషయం. స్కోరు ఒక్క పనికే వాడాలి: ఇవాళ ముందు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకోవడానికి. సీటు ఎవరికివ్వాలో దాంతో తేల్చకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలనే కాదు, తల్లిదండ్రులను కూడా వడపోయకూడదు. మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. లాటరీలాంటి పద్ధతి తప్ప ఒకరిని కాదని ఒకరిని ఎంచుకునే ఏ పద్ధతైనా చట్టం దృష్టిలో వడపోతే. ఆదాయం, ఉద్యోగం, భాష చూసి పైవాళ్లకే ఫోన్ చేసి సీట్లు నింపేస్తే జరిగేది అదే కదా! ఆ మూడింటికీ సున్నా పెట్టేయండి. మీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ సెక్షన్ ప్రింట్ తీసి చేతికివ్వండి.

ఉంచాల్సింది వాళ్లు చేసిన పనులకు మార్కులు: స్కూలు చూడ్డానికి వచ్చారా, ఫారం సగంలో ఆగిందా, బస్సు గురించి అడిగారా. నెల రోజులు కదలిక లేకపోతే మార్కులు తగ్గేలా పెట్టండి.

మరో సభ్యుడు (గుణుపురం నుంచి):
ఒకే కుటుంబం లిస్టులోకి రెండుసార్లు ఎక్కుతుంది, జాగ్రత్త. తండ్రి పేరు ఒడియా ఫారంలో ఒకలా, ఇంగ్లీషు ఫారంలో ఇంకోలా రాస్తారు. స్కోరు రెండు ముక్కలై, రెండూ కిందకి పోతాయి. పేరుతో కాదు, ఫోన్ నంబరు, బిడ్డ పుట్టిన తేదీ రెండూ కలిపి సరిచూడండి. కొండ ఊళ్లలో ఒకే ఫోన్ ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములకీ ఉంటుంది, అందుకని నంబరు ఒక్కటే సరిపోదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం సార్. 25 శాతం సీట్ల దరఖాస్తులు కూడా ఇదే లిస్టులో పడుతున్నాయి. వాటిని ఏం చేయాలి?

జవాబు (రాయగడ నుంచి):
వెంటనే వేరు చేయండి మేడమ్. అదే విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో బలహీన వర్గాలు, అణగారిన వర్గాల పిల్లలకు కేటాయించిన సీట్లవి. వాటికి స్కోరు కాలమే కనబడకూడదు. మిగతా సీట్లకి కూడా, ఉన్నవాటికంటే దరఖాస్తులు ఎక్కువొస్తే అందరి ముందూ లాటరీ తీయించండి. లిస్టులో అడుగున ఉన్నవాళ్లకి మాత్రం రేపటి నుంచే ఫోన్లు మొదలుపెట్టండి, పాతపట్నం వాళ్లతో సహా.