‘సిద్ధో’ తరువాత ఏమిటి? సిద్ధుడిది పుట్టుకా, సాధనా?

మారతహళ్లి సభ్యుడు: పెద్దలందరికీ నమస్కారం. బెంగళూరులో మేము కొందరం ఆదివారాలు కూర్చుని, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఆటగాళ్లు తలా ఒక పాత్ర ధరించి కథ నడిపే ఆట) పద్ధతిలో మన పేర్లతో ఒక ఆటను తయారుచేసుకుంటున్నాము. అందులోని ఎల్ఫులు, డ్వార్ఫులు అనే జాతులకు బదులు ఎవరెవరిని పెట్టాలా అని ఆలోచిస్తుండగా అమరంలో (అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో) దేవయోనులను, అంటే దేవజాతులను లెక్కించే శ్లోకం గుర్తుకు వచ్చింది. ‘విద్యాధరోఽప్సరో యక్ష రక్షో గంధర్వ కిన్నరాః’ వరకు తడుముకోకుండా వస్తున్నది గాని, ‘పిశాచో గుహ్యకః సిద్ధో’ అన్న తరువాత, ‘దేవయోనయః’కు ముందు, మూడక్షరాలు జారిపోతున్నాయి. అది ‘సాధ్యశ్చ’ అయివుండాలని నా ఊహ.

మల్లేశ్వరం సభ్యుడు: ‘భూతోఽమీ’ అండీ. మీరు సరిగా గుర్తుంచుకున్న ‘సిద్ధో’లోని ఓత్వమే అందుకు సాక్ష్యం. తరువాతి పదం సకారంతో మొదలైతే విసర్గ ఓకారంగా మారదు. భకారం వంటి నాదాక్షరం వస్తేనే మారుతుంది. పైగా సాధ్యులను అమరసింహుడు ఈ పదిమందిలో చేర్చనే లేదు. వారిని ఆదిత్యులు, వసువులు, రుద్రులతో కలిపి, గుంపులుగా ఉండే గణదేవతలలో చెప్పాడు. కనుక మీ ఆటలో సాధ్యుడు ఆటగాడు ఎంచుకునే పాత్ర కాకూడదు.

జయనగరం సభ్యుడు: సంధి విషయంలో మల్లేశ్వరం వారితో నాకు పేచీ లేదు. నాకున్న అభ్యంతరం ‘సిద్ధో’ మీదనే. యక్షుడు యక్షుడిగా పుడతాడు. సిద్ధుడు అలా పుడతాడా? ఆ పదంలోనే సాధించిన ఫలం ఉన్నది. మనుచరిత్రలో పెద్దన ప్రవరుడి ఇంటికి పంపినవాడు ఔషధసిద్ధుడు. ‘ముడిచిన యొంటి కెంజడ’ సీసం చదివితే ఊళ్లు తిరిగే జోగి కనిపిస్తాడు గాని, స్వర్గంలో పుట్టినవాడి ఆనవాలు ఒక్కటీ కనిపించదు. అందుచేత సిద్ధుణ్ణి రేస్‌గా (పుట్టుజాతిగా) కాక క్లాస్‌గా (నేర్చిన విద్యగా) పెట్టడమే న్యాయమని నా గట్టి అభిప్రాయం.

మల్లేశ్వరం సభ్యుడు: ‘దేవయోనయః’ అని అమరసింహుడు స్పష్టంగా అన్న తరువాత మన అభిప్రాయానికి చోటెక్కడిది? యోని అంటే జన్మస్థానమే. ఔషధసిద్ధుడు వేరు, దేవయోని సిద్ధుడు వేరు. పేరు ఒకటైనంత మాత్రాన ఇద్దరినీ కలపకూడదు.

మారతహళ్లి సభ్యుడు: మా చిక్కు సరిగ్గా ఇక్కడే వచ్చింది. సిద్ధుణ్ణి రేస్‌గా పెట్టి, మొదటి లెవెల్‌లోనే పాదలేపం (కాళ్లకు పూసుకుంటే కోరినచోటికి చేర్చే పసరు) ఇచ్చాము. మా మిత్రుడొకరు సిద్ధుణ్ణి ఎంచుకుని, దానిపైన అస్త్రవిద్య క్లాస్ కూడా కలుపుకున్నారు. కొండ దాటవలసిన ఘట్టంలో మిగతావారు తాళ్లు, మేకులు లెక్కపెట్టుకుంటూ ఉండగానే ఆయన ఆవలి శిఖరం మీద నిలబడి బాణాలు వేస్తున్నారు. ఆ పూట మిగిలినవారికి చేయడానికి పనే లేకపోయింది.

ఇందిరానగర్ సభ్యుడు: ఇది డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టిననాటి నుంచీ ఉన్న చిక్కే. 1974 నాటి నియమాలలో డ్వార్ఫ్ యోధుడిగా ఆరవ లెవెల్ దాటకూడదు. ఎల్ఫ్ యోధుడిగా నాలుగు, మాంత్రికుడిగా ఎనిమిది వరకే వెళ్లగలడు. రెండు విద్యలూ తెలిసినందుకు అది మూల్యం. అయితే ఆ మూల్యం చివరలో చెల్లించవలసినది. మధ్యలోనే ఆట ఆగిపోయిన బృందాలలో ఎల్ఫ్ లాభం పూర్తిగా పొంది, అప్పు తీర్చకుండానే వెళ్లిపోతాడు. 2014 నాటి నియమాలు ఆ పరిమితులను వదిలి, పాత క్లాస్‌కూ కొత్త క్లాస్‌కూ కావలసిన ముఖ్య గుణాలలో (బలం, తెలివి వంటివాటికి ఇచ్చే అంకెలలో) కనీసం 13 ఉండాలన్నాయి. ఒక క్లాస్‌లో వేసిన ప్రతి లెవెల్ రెండవదాన్ని వెనక్కు నెడుతుంది గనుక నష్టం అప్పటికప్పుడే తెలుస్తుంది. అయినా తొలి లెవెళ్లలో వరాలు కుప్పపోసిన క్లాసులను కొద్దిగా రుచి చూసి వెళ్లేవారిని ఆ నియమమూ పూర్తిగా ఆపలేకపోయింది. మీ పాదలేపాన్ని ఐదవ లెవెల్‌కు జరపండి.

జయనగరం సభ్యుడు: జరపనక్కరలేదు. పెద్దన చూపిన దారి ఉండనే ఉన్నది. ఆ పసరు ప్రవరుణ్ణి హిమాలయానికి చేర్చింది గాని, మంచుకు కరిగి అక్కడే అతణ్ణి చిక్కులో పడేసింది. శక్తిని తగ్గించకుండా, దానికి తడిస్తే కరిగే గుణం పెట్టాడు. ఇంతకంటె చక్కని సమతూకం నేనెక్కడా చదవలేదు. మల్టీక్లాస్ (ఒకే పాత్రకు ఒకటికి మించి క్లాసులు) కావాలంటే అదే కావ్యంలోని స్వరోచినే చూడండి. తల్లి వరూధిని అప్సరస, తండ్రి గంధర్వుడు. భార్యలలో మనోరమ నుంచి అస్త్రహృదయ విద్య, విభావరి నుంచి సకల ప్రాణుల భాష అతనికి వచ్చాయి. పుట్టుకతో వచ్చినదేమిటో, ఇతరులు ఇచ్చినదేమిటో కథలో విడివిడిగా తెలుస్తూనే ఉంటుంది.

ఇందిరానగర్ సభ్యుడు: ఆ విడదీతే ఇప్పుడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్లూ చేస్తున్నారు. 2024 నాటి పుస్తకంలో ‘రేస్’ అన్న మాటను తీసివేసి ‘స్పీసీస్’ అన్నారు. గుణాల పెంపును పుట్టుక నుంచి తప్పించి, పాత్ర గడిపిన పూర్వజీవితానికి ముడిపెట్టారు. మన శ్లోకంలోని యోని శబ్దానికి వాళ్ల స్పీసీస్ దగ్గరగా ఉన్నది గనుక, సిద్ధుడు తప్ప మిగిలిన తొమ్మిదిమందినీ అక్కడ ఉంచవచ్చు.

మల్లేశ్వరం సభ్యుడు: తొమ్మిది అనడానికి మీకు అధికారం లేదండీ, అమరంలో పది. మనోరమ ప్రస్తావన వచ్చింది గనుక అడుగుతున్నాను. ఆమె తండ్రి ఇందీవరాక్షుడు, గురువు తనకు చెప్పనన్న ఆయుర్వేదాన్ని చాటున ఉండి విని నేర్చుకున్నాడు. శాపం పొంది రాక్షసుడయ్యాడు. మళ్లీ పూర్వరూపం పొందాడు. ‘రక్షో’ కూడా ఈ పదిలోనిదే కదా. శాపంతో వచ్చి, శాపం తీరితే పోయే రాక్షసత్వాన్ని యోని అని ఒప్పుకునేవారు, సాధనతో వచ్చిన సిద్ధత్వాన్ని ఎందుకు ఒప్పుకోరు?

జయనగరం సభ్యుడు: ఇందీవరాక్షుడు రూపం మారాడు గాని, నేర్చిన విద్య మారలేదు. రాక్షసుడుగా ఉన్నప్పుడూ ఆయుర్వేదం అతనిదే. సిద్ధత్వం ఆ విద్య పక్షాన నిలుస్తుంది.

మారతహళ్లి సభ్యుడు: ఈ ఆదివారానికి సిద్ధుణ్ణి క్లాస్‌గా మార్చి, పాదలేపం తడిస్తే పోయేటట్టు రాసుకుని ఆడతాము. చాటుగా విద్య నేర్చినవాడికి ఆ 13 నియమం వర్తిస్తుందా, లేక శాపమే చాలునా అన్నది మల్లేశ్వరం వారే చెప్పాలి.