‘భ్రాంతి’ అనాలా, ‘మాటలు వినబడటం’ అనాలా?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. పెదనాన్న పోయి నాలుగు నెలలైంది. తెల్లారుజామున ఆయన గొంతు వినబడుతోందని పెద్దమ్మ చెబితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఒడియాలో అడిగారు, నేను తెలుగు చేశాను: “లేని మాటలు వినబడుతున్నాయా?” పెద్దమ్మ వెంటనే అంది, “లేనివి ఎందుకు వినబడతాయి?” చీటీలో ‘ఏమీ లేదు’ అని రాశారు. తప్పు నా తర్జుమాలోనే ఉంది. ఆటో ఎక్కాక, “నేను అబద్ధం చెబుతున్నాననుకున్నావా?” అని అడిగింది. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. శ్రవణ భ్రాంతి, భ్రమ, అశరీరవాణి... వీటిలో ఏ మాట వాడి ఉండాల్సింది?

↳ అశరీరవాణి కుదరదండీ. కంసుడు రథం తోలుతుంటే వినబడినది ఆకాశం నుంచి అతనితో బాహాటంగా చెప్పిన మాట. మీ పెద్దమ్మగారిది ఆవిడ ఒక్కరికే వినబడేది.

↳ బరంపురంలో నర్సుగా చేస్తున్నాను. కేసు షీటులో శ్రవణ భ్రాంతి అనే రాస్తాం, అది రోగనిర్ణయానికి కావాలి. మనిషిని అడిగేటప్పుడు మాత్రం ఆ మాట వాడను. “పక్కన ఎవరూ లేనప్పుడు మాటలేమైనా వినబడుతున్నాయా? ఎవరి గొంతు? ఏమంటుంది?” అని అడుగుతాను. “ఏదైనా చేయమంటోందా? మీకు గానీ ఇంకొకరికి గానీ హాని చేయమంటోందా?” అన్నది కూడా తప్పకుండా అడగాలి. భయపడకండి. వేల్స్‌లో రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో ప్రచురించారు. పోయినవారు దగ్గరున్నట్టు అనిపించడమో, కనబడటమో, వినబడటమో దాదాపు సగం మంది చెప్పారు. గొంతు విన్నవారు సుమారు 13 శాతం. నిద్ర, తిండి తగ్గినా, ఆ గొంతు వల్ల ఆవిడకి భయం వేసినా ఆలస్యం చేయకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు మాట్లాడతారు.

↳ గుణుపురం. మా చుట్టుపక్కల సవర ఊళ్ళలో చనిపోయినవాళ్ళు ‘కురాన్’ (పోయినవాళ్ళను తన మీదికి రప్పించుకునే సవర పూజారి) నోటి ద్వారా మాట్లాడటం పాత ఆచారం. బంధువులు చుట్టూ కూర్చుని ఏడ్చేవారు, గొడవ పడేవారు, తిరిగి ప్రశ్నలు వేసేవారు. కాబట్టి దీన్ని ‘వినబడటం’లో కలపకూడదని నా గట్టి అభిప్రాయం. మన పూనకం కూడా అంతే. ఒకరి నోట ఇంకొకరు పలుకుతారు, వినేది పదిమంది.

↳ వ్యాకరణం మాట ఒకటి. ‘విను’ అంటే వినేది మనం. ‘నాకు వినబడుతోంది’ అంటే శబ్దమే కర్త, మనిషికి ‘కు’ ప్రత్యయం చేరుతుంది. అది నా ప్రయత్నం లేకుండా నా దగ్గరకు వచ్చిందని ఆ క్రియే చెబుతుంది. నిజమా కాదా అని తీర్పు ఇవ్వదు. ‘వినబడుతున్నట్టు ఉంది’ అంటే అనుమానం చేరుతుంది. ‘లేని మాటలు’ అనగానే తీర్పు అయిపోయింది. మానవశాస్త్రవేత్త టాన్యా లూర్మన్ బృందం కాలిఫోర్నియాలోని శాన్ మాటియోలో, ఘానాలోని అక్రాలో, మన చెన్నైలో ఇరవయ్యేసి మందిని అడిగింది. అందరూ తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్ళే. చెన్నైవాళ్ళలో చాలామందికి అయినవాళ్ళ గొంతులే వినబడేవి. ఇంటి పని చేయమని చెప్పేవి, కేకలేసేవి కూడా. ‘ఎవరి గొంతు?’ అని అడగకపోతే ఈ సంగతి బయటికి రాదు.

↳ అందరికీ నమస్కారం. ఈ రోజు పొద్దున కాఫీ ఇస్తూ, “పెద్దమ్మా, పెదనాన్న మాట ఇంకా వినబడుతోందా?” అని అడిగాను. గ్లాసు కింద పెట్టింది. “రోజూ కాదు. నాలుగింటికి, ఎప్పుడైనా. ‘ఏటే, ఇంకా నిద్దరేనా’ అంటారు. లేచి పొయ్యి వెలిగిస్తాను” అంది. భయం వేస్తుందా అంటే, “ఆయనంటే భయమేటి?” అంది. వచ్చే వారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్తున్నాం, నర్సుగారి ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకున్నాను.