సిరొంచ వైపు కుర్రకారుకు హెచ్‌ఐవీ జాగ్రత్తల మెసేజీలు: ఏ భాషలో, ఎన్ని?

ప్రశ్న: మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో 18–25 ఏళ్లవాళ్లకు హెచ్‌ఐవీ నివారణపై ఎస్సెమ్మెస్‌లు పంపాలి. తెలుగులోనా, మరాఠీలోనా? వారానికెన్ని?

జవాబు 1: మాట తెలుగైనా చదువు మరాఠీలో సాగినవాళ్లుంటారన్నా. నంబరు తీసుకునేటప్పుడే ఏ లిపి కావాలో అడగండి. ఈ రెండింట్లో ఏ లిపైనా ఒక మెసేజీకి 70 అక్షరాలే. గుణింతాలు, ఒత్తులు, ఖాళీలు అన్నీ లెక్కే. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు తినేస్తుంది! 70 దాటిందా, ముక్కకు 67 చొప్పున రెండు మెసేజీల ఖర్చు. డీఎల్‌టీలో (సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌ల నమోదు వ్యవస్థ) టెంప్లేటు, అంటే మెసేజీ నమూనా, ముందే నమోదు చేయించండి. పంపేది దానికి సరిపోకపోతే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది.

జవాబు 2: ఖర్చు సరే, ఫోన్ ఇంటిల్లిపాదిదీ అయితే? లాక్ వేసినా మొదటి వరుస తెరమీద కనబడుతుంది. అక్కడ ‘హెచ్‌ఐవీ’ అని రాయొద్దు. ‘సందేహాలకు 1097, ఉచితం’ చాలు, అది ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరే. వారానికి ఒకటే నయం, రోజూ పంపితే బ్లాక్ చేస్తారు.

జవాబు 3: కండోమ్ చిరిగినప్పటి మెసేజీలో ‘72 గంటల్లోపు’ అని మాత్రమే రాస్తే మూడో రోజుదాకా ఆగుతారు. ‘ఇప్పుడే ఆసుపత్రికి’ అని మొదలెట్టండి. హెచ్‌ఐవీ సోకకుండా 72 గంటల్లోపు మొదలెట్టాల్సిన పెప్ మాత్రలు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు, 28 రోజులూ వాడాలి. మర్నాడే చేయించిన పరీక్షలో నెగెటివ్ వచ్చినా లెక్కలోకి రాదు. మూడు నెలలకు ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) మళ్లీ చేయించుకోమని ఇంకో మెసేజీ పెట్టండి.