అప్‌డేట్: తప్పు లెవెళ్లలో కాదు, జంప్‌లోనే ఉంది

సొంతంగా చేస్తున్న టూడీ ప్లాట్‌ఫార్మర్‌ను (గోతులు, అడ్డంకులు గెంతి దాటుతూ పోయే వీడియో గేమ్) ఆడినవాళ్లు రెండు నిమిషాలకే వదిలేస్తున్నారు, ఇంకా లెవెళ్లు పెంచాలా అని పోయిన నెల అడిగాను కదా. చాలామంది "ముందు జంప్ సరిచెయ్" అన్నారు. అప్పుడు కాస్త చిరాకేసింది. కానీ మీరే కరెక్ట్.

ఆడుతున్న మా తమ్ముణ్ణి పక్కన కూర్చుని గమనించాను. అంచు దాటాక రెప్పపాటు ఆలస్యంగా బటన్ నొక్కుతున్నాడు, గోతిలో పడుతున్నాడు. "నేను నొక్కాను రా అన్నా!" అని ఒకటే గోల. 2018లో వచ్చిన సెలెస్టె చాలా కష్టమైన ఆట, అయినా ఇలాంటి చోట అంచు దాటాక కూడా 0.1 సెకను దాకా జంప్‌ను ఒప్పుకుంటుంది. దీన్ని కయోటీ టైమ్ అంటారు. నేనూ అదే పెట్టాను. నేలను తాకడానికి కొంచెం ముందే బటన్ నొక్కినా, దాన్ని గుర్తుంచుకుని కాలు ఆనగానే ఎగిరేలా చేశాను. బటన్ ఎక్కువసేపు పట్టుకుంటే ఎత్తుగా ఎగరడం 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లోనే ఉంది, నాకే తట్టలేదు.

మొదటి లెవెల్‌లో రాసిన సూచనలన్నీ తీసేసి, ఆడుతూనే నేర్చుకునేలా వాటి బదులు చిన్న గొయ్యి, ఆ తర్వాత ఒక్క శత్రువును పెట్టాను.

మొన్న తమ్ముడు నలభై నిమిషాలు ఆడాడు. మూడో లెవెల్‌లో ముళ్ల దగ్గర ఇంకా తిడుతున్నాడు, కానీ ఇప్పుడు తిట్టేది తనని తానే. కెమెరా కుదుపు మాత్రం ఇంకా తేలలేదు. దాని గురించి విడిగా అడుగుతాను.