అమ్మానాన్నలతో గ్రనాడా: అల్హంబ్రా టికెట్లు అయిపోయాయి, ఏం చేయాలి?

ప్రశ్న (స్టుట్‌గార్ట్ నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు విజయవాడ నుంచి మా దగ్గరికి వచ్చారు. అక్టోబరు 10 నుంచి 13 దాకా వాళ్లని స్పెయిన్‌లోని గ్రనాడాకి తీసుకెళ్దామని దానికి దగ్గర్లోని మలాగాకి ఫ్లైట్ బుక్ చేశాను. ఇప్పుడు చూస్తే అక్కడి గుట్ట మీదున్న పాత కోట, రాజభవనాల సముదాయం అల్హంబ్రాకి ఆ నాలుగు రోజులకీ జనరల్ టికెట్లు లేవు. 'తోటలు' అనే టికెట్ ఒకటి మాత్రం తక్కువ ధరకి కనిపిస్తోంది. అది కొనెయ్యమంటారా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. 'కోటలు చూసి ఏం చేస్తాంరా' అంటున్నారు. ఇంకొక సందేహం, వాళ్లవి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసాలు. స్పెయిన్‌కి పనికొస్తాయి కదా?

జవాబు (మలాగా నుంచి)

వీసా గురించి టెన్షన్ వద్దు. షెంగెన్ దేశాలన్నిటికీ అదే వీసా. స్టిక్కర్ మీద గడువు, ఉండనిచ్చిన రోజులు దాటకుండా చూసుకోండి. పాస్‌పోర్టులు, ఇన్సూరెన్స్ కాగితాలు వెంట ఉంచుకోండి.

తోటల టికెట్ మాత్రం ఇప్పుడే కొనకండి. అందులో హెనెరలీఫె తోటలు, అల్‌కసాబా కోట ఉంటాయి గానీ నస్రీద్ (ఇక్కడ ఏలిన సుల్తానుల వంశం) రాజభవనాలు ఉండవు. అల్హంబ్రా అంటే అసలు ఆ భవనాలే. వాటిలోని సింహాల ప్రాంగణం చూడకుండా తిరిగి రావడం నాకైతే ఊహకే అందదు. అక్టోబరు 12 స్పెయిన్ జాతీయ సెలవు. చుట్టుపక్కల ఊళ్ల జనం కూడా ఆ రోజుల్లోనే వస్తారు కాబట్టి టికెట్లు అంత తొందరగా అయిపోతాయి.

ముందు గ్రనాడా కార్డ్ చూడండి. నగరం అమ్మే పాస్ అది. అల్హంబ్రాతో పాటు కేథడ్రల్, రాయల్ చాపెల్, సిటీ బస్సులు అందులోనే వస్తాయి. కొనేటప్పుడే నస్రీద్ భవనాల సమయం ఎంచుకోవాలి. జనరల్ టికెట్లు అయిపోయినా ఇందులో దొరికిన సందర్భాలున్నాయి. అదీ లేకపోతే అధికారిక సైట్‌ని రోజూ చూస్తూ ఉండండి, రద్దయిన టికెట్లు మళ్లీ కనిపిస్తాయి. వారంలో కొన్ని రాత్రులు నస్రీద్ భవనాలకి విడిగా టికెట్ ఇస్తారు. అది దొరికితే పగలు తోటల టికెట్ తీసుకుని రెండూ కలిపి చూడొచ్చు. గైడ్‌తో వెళ్లే టూర్లు ఆఖరి దారి. ఖర్చు ఎక్కువ, పైగా గుంపుతో సమానంగా అమ్మగారు నడవాలి.

అడిగినవారు

చాలా థాంక్సండీ. గ్రనాడా కార్డ్‌లో 11వ తేదీ ఉదయం 10:30కి మూడు కనిపిస్తున్నాయి! కానీ ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి అంటోంది. నాన్నగారి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ. పేరంతా ఒకే చోట ఉంది.

జవాబు (మలాగా నుంచి)

మన తెలుగువాళ్లు చాలామందికి వచ్చే ఇబ్బందే. పేరులోని ఆఖరి మాటని ఇంటిపేరు గడిలో, మిగతాది పేరు గడిలో వేయండి. పాస్‌పోర్టు నంబరు మాత్రం ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు. టికెట్ పేరు మీదే ఉంటుంది, లోపల పాస్‌పోర్టు అడుగుతారు. ఫోన్‌లో ఫొటో కాదు, అసలుదే తీసుకెళ్లండి. ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే కొనేయండి.

మరో సభ్యురాలు (బార్సిలోనా నుంచి)

మోకాళ్ల గురించి నేను చెప్తాను, మా అత్తగారిని తీసుకెళ్లాం. గుట్ట ఎక్కించకండి. ఇసబెల్ లా కతోలికా కూడలి నుంచి సీ30 అనే చిన్న బస్సు పైదాకా వెళ్తుంది. టికెట్ చేతిలో ఉంటే చివరి స్టాపుదాకా వెళ్లక్కర్లేదు. న్యాయద్వారం స్టాపులో దిగితే నస్రీద్ భవనాలు దగ్గర. పెద్ద గేటు నుంచి అయితే అక్కడికి పావుగంటకి పైగానే నడవాలి. మీ 10:30కి అరగంట ముందే చేరండి, ఆ సమయం దాటితే లోపలికి పంపరు. భవనాలు చూశాక ఐదో చార్లెస్ రాజు కట్టించిన భవనం పక్కనే ఉంది, దానికి టికెట్ లేదు. అక్కడ అమ్మగారిని బాగా విశ్రాంతి తీసుకోనివ్వండి. అల్‌కసాబా బురుజు మెట్లు ఆవిడ ఎక్కక్కర్లేదు. తోటలకి మాత్రం చాలా దూరం నడవాలి, మధ్యమధ్యలో కూర్చుంటూ వెళ్లండి.

తిండి సంగతి. 'సిన్ కార్నె' అంటే మాంసం లేకుండా అని అర్థమే గానీ, చేప ముక్కలో, హామ్ (పంది మాంసం) తురుమో వేసి తెచ్చే ప్రమాదం ఉంది. 'సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్, సిన్ వేవో' (మాంసం, చేప, హామ్, గుడ్డు లేకుండా) అని నాలుగూ చెప్పండి. సాల్మొరేహో చూడటానికి టమాటా సూప్‌లా ఉంటుంది గానీ మీద గుడ్డు, హామ్ వేస్తారు. వేయించిన వంకాయ మీద చెరకు పాకం పోసిచ్చే బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ అమ్మగారికి నచ్చుతుంది. పిండిలో గుడ్డు కలిపారేమో అడగండి. కాల్దెరేరియా నువేవా వీధిలో ఉత్తర ఆఫ్రికా హోటళ్లున్నాయి, శనగల వడల్లాంటి ఫలాఫెల్, ఉప్మాలా ఉండే కూరగాయల కుస్‌కుస్ దొరుకుతాయి. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకి ముందు చాలాచోట్ల పెట్టరు. పెద్దవాళ్లు అంతదాకా ఆగలేరు కాబట్టి వంటగది ఉన్న గది తీసుకోండి. ఆదివారం చాలా సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, బియ్యం, పెరుగు శనివారమే కొనిపెట్టుకోండి.

మరో సభ్యుడు (హైదరాబాద్, గతంలో గ్రనాడాలో చదివారు)

మీ నాన్నగారికి ఇది చదివి వినిపించండి. అల్హంబ్రా ఉన్న గుట్ట మీద సొంత నీరు లేదు. 13వ శతాబ్దంలో నస్రీద్ వంశపు మొదటి సుల్తాను కాలంలో, దార్రో నదికి సుమారు ఆరు కిలోమీటర్ల ఎగువన నీటిని మళ్లించి, కొండవాలు వెంబడి కాలువ తీసుకొచ్చారు. పేరు అసేకియా రియాల్, అంటే రాచకాలువ. మోటారు లేదు, వాలే ఆధారం. హెనెరలీఫెలో ఒక ప్రాంగణం మధ్యగా పారేది ఆ కాలువే. ఇంకాస్త పైన నీటి మెట్లున్నాయి, అక్కడ పిట్టగోడల మీద తీసిన గాడుల్లో నీళ్లు జారుతుంటాయి. కొమారెస్ భవనం ముందు కొలనులోకి నీరు ఎలా వస్తుందో ఆయన్ని దగ్గరగా చూడమనండి. అలలు లేవకుండా, బురుజు నీడ చెదరకుండా నీటి వేగం తగ్గించి వదులుతారు. సింహాల ప్రాంగణంలో 12 రాతి సింహాలు మోసే ఫౌంటెన్ అంచున ఇబ్న్ జమ్రక్ అనే కవి పద్యం చెక్కి ఉంది. పారేది నీరో పాలరాయో కంటికి తెలియడం లేదని అంటాడాయన. 1492 జనవరి 2న ఈ కోట సుల్తానుల నుంచి క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల చేతికి వచ్చింది. వాళ్ల సమాధులు మీ కార్డ్‌లో ఉన్న రాయల్ చాపెల్లోనే చూడొచ్చు.

అడిగినవారు

కార్డులు కొనేశాను! నాన్నగారు కాలువ సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. మలాగా ఎయిర్‌పోర్టు నుంచి ఎలా వెళ్లాలి? 12న సాయంత్రం ఆల్బైసిన్ అనే పాతపేట చూపించొచ్చా?

జవాబు (మలాగా నుంచి)

ఎయిర్‌పోర్టు నుంచే గ్రనాడాకి నేరుగా బస్సులున్నాయి, సుమారు రెండు గంటల ప్రయాణం. సెలవు రోజులు కాబట్టి ముందే సీట్లు తీసుకోండి. ఆల్బైసిన్ దారులన్నీ గులకరాళ్లు పరిచినవి, ఎత్తుపల్లాలు. ప్లాసా నువేవా నుంచి సీ31 బస్సులో సాన్ నికొలాస్ దగ్గర దిగి, ఎదురుగుట్ట మీది అల్హంబ్రాని సాయంత్రం ఎండలో చూసి, అదే బస్సులో దిగి వచ్చేయండి. అమ్మగారికి అంతే చాలు. కేథడ్రల్ దగ్గర రోజ్‌మేరీ కొమ్మ చేతిలో పెట్టి, చేయి చూస్తామంటూ డబ్బులడిగే ఆడవాళ్లుంటారు. కొమ్మ అందుకోవద్దని ఇద్దరికీ ముందే చెప్పండి. అమ్మగారికి అడుగు జారని బూట్లు తప్పనిసరి.