'బ్లడీ డాటర్': మన ఇళ్లల్లో ఈ మాట ఎట్లా అంటారు?

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. రెండే రెండు మాటలున్న ఒక పేరు వారం రోజులుగా నోట్లో నానుతోంది కానీ తెలుగులోకి దిగడం లేదు. మీ సాయం కావాలి.

మార్తా ఆర్గెరిచ్ అని పియానో విద్వాంసురాలు ఉన్నారు. 1941లో బ్యూనస్ ఐరిస్‌లో పుట్టారు. పదహారేళ్లకే, 1957లో, జెనీవా పోటీ, బోల్జానో పోటీ రెండూ గెలిచారు. 1965లో వార్సాలో షోపాన్ పోటీ కూడా గెలిచాక ప్రపంచమంతా ఆమె పేరు మారుమోగింది. ఇంటర్వ్యూలంటే మాత్రం ఆమెకు పడదు. అలాంటి మనిషి గురించి 2012లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. తీసింది ఆమె చిన్న కూతురు స్టెఫనీ. బయటివాళ్లెవరూ చూడలేని తల్లి అందులో కనబడుతుంది. అంత పెద్ద విద్వాంసురాలు స్టేజీ ఎక్కే ముందు తెర వెనక పడే టెన్షన్, వెళ్లనంటే వెళ్లనన్నట్టు సణుక్కోవడం చూస్తుంటే, మొదటిరోజు బడికి బయల్దేరిన పిల్ల గుర్తొచ్చింది నాకు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. నా పక్కన కూర్చుని చూస్తుంటే, మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెబుతూ వచ్చాను. "ఇన్నేండ్లు వాయించింది కదమ్మా, ఇంకా భయమేంటికి?" అని అడిగింది. దానికి ఏదో జవాబు చెప్పాను. "సినిమాకు ఏం పేరు పెట్టినారు?" అంది. అక్కడ ఆగిపోయాను.

పేరు 'బ్లడీ డాటర్'. స్టెఫనీని తండ్రి ముద్దుగా అన్న మాట అది. ఆ తండ్రి స్టీఫెన్ కోవసెవిచ్ కూడా పేరున్న పియానిస్టే. పుట్టింది లాస్ ఏంజిలస్‌లో అయినా పద్దెనిమిదేళ్లకే మైరా హెస్ అనే పియానిస్టు దగ్గర నేర్చుకోవడానికి లండన్ చేరిన మనిషి. కాబట్టి ఈ 'బ్లడీ' లండన్ వీధుల్లో తిరిగే 'బ్లడీ' అనుకోవాలి. 1914లో అక్కడి రంగస్థలం మీద ఒక నాయిక నోట ఆ మాట వస్తే పెద్ద సంచలనమే అయింది. ఇప్పుడు అంత ఘాటు లేదు, ఇంట్లో వాడుకునే తిట్టయిపోయింది.

నా చిక్కు ఏమిటంటే, ఆ మాటకు రెండు వైపులున్నాయి. పైకి తిట్టు, లోపల నెత్తురు. కూతురే తల్లి కథ తీసిన సినిమాకు ఆ రెండోది ఊరికే వచ్చి చేరిందని నేననుకోను. 'రక్తసంబంధం' అంటే నెత్తురు మిగులుతుంది, తిట్టు పోతుంది. 'పాడుపిల్ల' అంటే తిట్టు మిగులుతుంది, నెత్తురు పోతుంది. మీ ఇళ్లల్లో ఏమంటారు?

ఆదోని నుంచి ఒక అక్క:
మా జేజి నన్ను 'దొంగముండ' అనేది. చెంపలు పుణికి, మెటికలు విరిచి మరీ అనేది. అంతకంటే ముద్దు మాట నేను వినలేదు. అదే పెట్టండి.

నా జవాబు:
అక్కా, మీ జేజి నోట అది ముద్దే, సందేహం లేదు. కానీ ఆ మాట పుట్టుక చూడండి. ముండనం చేసిన తల, అంటే భర్త పోయిన ఆడమనిషి. జుట్టు తీసేసి ఒక మూలన కూర్చోబెట్టిన ఆడవాళ్ల బాధ అందులో గడ్డకట్టి ఉంది. జేజి చెయ్యి చెంప మీద ఉన్నప్పుడు ఆ అర్థం గుర్తుకు రాదు. తెర మీద అక్షరాలుగా వేస్తే ఆ చెయ్యి ఉండదు కదా, తిట్టొక్కటే మిగులుతుంది. నాకు మనసొప్పలేదు.

అనంతపురం నుంచి ఒక మాస్టారు:
అమ్మా, 'నెత్తురుగుడ్డు' అనే మాట మనకుంది. అప్పుడే పుట్టిన బిడ్డను అంటాము. పాత నిఘంటువుల్లో 'నెత్తురుకందు' కూడా ఉంది. మీరడిగిన నెత్తురు ఇదే కదా?

నా జవాబు:
సార్, ఈ మాట చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఎంత మంచి మాట! కడగని ఒళ్లు, మూసిన కళ్లు, ఇంకా ఆరని తడి, అన్నీ ఆ ఒక్క మాటలో కనబడతాయి. ఇంగ్లీషు పేరులో అంత దగ్గరితనం లేదేమో. కానీ నెత్తురుగుడ్డు అనగానే జాలి వస్తుంది. 'నెత్తురుగుడ్డును వదిలేసి పోయింది' అనే వాక్యంలోనే అది ఎక్కువగా వింటాం. ఇక్కడ కూతురు కెమెరా పట్టుకుని అమ్మను ప్రశ్నలడిగే మనిషి. జాలి పడాల్సిన మనిషి కాదు.

జమ్మలమడుగు నుంచి ఒక చెల్లెలు:
అక్కా, మా అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది, "నా నెత్తురు తాగుతాండావు కదే!" అని. అందులో తిట్టూ ఉంది, నెత్తురూ ఉంది. 'నెత్తురు తాగే బిడ్డ' అంటే?

నా జవాబు:
చెల్లీ, దాదాపు దొరికింది. అర్థం పరంగా దీనికి మించినది లేదు. ఒక్కటే అడ్డు. ఆ మాట మన ఇళ్లల్లో అమ్మలదే. పొయ్యి దగ్గర, జడ వేసేటప్పుడు, హోంవర్కు చేయించేటప్పుడు వచ్చే మాట. ఈ సినిమా పేరు నాయన మాట. మార్తాకు ముగ్గురు కూతుళ్లు, ముగ్గురికీ తండ్రులు వేరు, ఇంటిపేర్లూ వేరు: చెన్, దుత్వా, ఆర్గెరిచ్. స్టెఫనీకి ఉన్నది తల్లి ఇంటిపేరు. నాయన ఇంటిపేరు లేని కూతురు, నాయన పిలిచిన మాటను ఏరి తన సినిమాకు పెట్టుకుంది. అందుకే అది నాయన నోటి మాటగానే ఉండాలని నా పట్టుదల.

నంద్యాల నుంచి ఒక అన్న:
నాకిద్దరు ఆడపిల్లలమ్మా. నేను మాత్రం 'రాక్షసి' అంటాను. పెద్దదాన్ని పెద్ద రాక్షసి, చిన్నదాన్ని చిన్న రాక్షసి. వేరే ఏమని పిలిచినా పలకరు.

నా జవాబు:
అన్నా, ఇది చదవగానే మా నాయన గుర్తొచ్చాడు. మాది గుడ్డల అంగడి. నాకు ఆరేండ్లప్పుడు నాయన అప్పుల పుస్తకం తీసి, బాకీల పేజీ మీద ఎర్ర పెన్సిలుతో ఇల్లు, కొండ, సూర్యుడు గీసినాను. సాయంత్రం పుస్తకం తెరిచి "రాక్షసీ!" అని నాయన వేసిన కేక వీధంతా వినబడింది. తర్వాత ఆ బాకీలన్నీ ఇంకో పేజీలోకి ఓపిగ్గా ఎత్తి రాసుకున్నాడు. బొమ్మ ఉన్న పేజీ చింపలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది.

ఇన్ని రోజులూ వెతుకుతున్న మాట మా ఇంట్లోనే ఉంది, నాకే తట్టలేదు. తిట్టు ఉంది, ముద్దు ఉంది, నాయన గొంతు ఉంది. నెత్తురు మాత్రం లేదే అని కాసేపు దిగులుపడ్డాను. రాత్రి అన్నాలు తింటూ అమ్మతో అదే చెప్పాను.

అమ్మ చెయ్యి కడుక్కుంటూ, "రాక్షసి మజ్జిగ తాగుతుందా ఏమి? తాగేది నెత్తురే కదా" అంది.

'నా రాక్షసి' అని రాసుకున్నాను. 'నా' ఉండాలా, అక్కర్లేదా అన్నది మీరు చెప్పండి.