రేకుల షెడ్డులో హార్డెనర్ క్యాన్ ఉబ్బింది, ఏం చేసేది?

రేణిగుంట ఫైబర్ షెడ్ (ప్రశ్న)

అన్నలందరికీ నమస్కారం. రేణిగుంట రోడ్డులో చిన్న ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్ ప్లాస్టిక్) షెడ్డు మాది. తలుపులు, నీళ్ల తొట్లు, ఫైబర్ బొమ్మలు చేస్తాం. పైన ఇనుప రేకు. వాడేది మామూలు పాలిస్టర్ రెజిన్, త్వరగా గట్టిపడటానికి వేసే ఊదా రంగు కోబాల్ట్ ద్రావణం, హార్డెనర్‌గా ఎంఈకేపీ (మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్). హార్డెనర్‌వి 5 కిలోల తెల్ల క్యాన్లు నాలుగు ఉన్నాయి, రెజిన్ డ్రమ్ముల పక్కనే పెట్టుంటాయి. కత్తిరి ఎండలు మొదలైనాక సగం వాడిన క్యాన్ ఒకటి పక్కలు ఉబ్బింది. దాని మూత అసలుది కాదు, వేరే డబ్బాది బిగించి ఉంది.

ఇప్పుడు దీన్ని ఏం చేయాలి? మిగతావి యాడ పెట్టాలి, ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? ఇంకోటి, మధ్యాహ్నం కలిపితే మగ్గులోనే ఆరేడు నిమిషాలకు గడ్డ కడుతోంది. హార్డెనర్ తగ్గించి వేస్తే సరిపోతుందా?

పెరాక్సైడ్ పాఠం

ముందు ఆ క్యాన్ సంగతి. ఇప్పుడు మధ్యాహ్నమైతే దాన్ని ముట్టుకోవద్దు, మూత తిప్పొద్దు, ఊపొద్దు. పనివాళ్లను దూరంగా పంపండి, షెడ్డుకు కరెంటు బయటి నుంచి ఆపేయగలిగితే ఆపేయండి. బుసమనే శబ్దం గానీ, పొగ గానీ, చుట్టూ గాలి కంటే క్యాన్ వేడిగా ఉన్నట్టు గానీ కనిపిస్తే లోపల విచ్ఛిన్నం మొదలైనట్టే. అందరూ బయటికొచ్చి 101కు ఫోన్ చేయాలి. అవేవీ లేకపోతే దూరం నుంచి పైపుతో తుంపరగా నీళ్లు కొట్టి చల్లబరచండి. అమ్మినవాళ్లకు ఫోన్ చేసి, లేబుల్ మీది బ్యాచ్ నంబరు చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయండి. వాళ్లు మూత వదులు చేయమంటే తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు, కళ్లజోడు మీద ఫేస్ షీల్డు, చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, మొహం పక్కకు తిప్పి పావు చుట్టు మాత్రమే తిప్పాలి.

ఎందుకు ఉబ్బిందంటే మీరే చెప్పేశారు, మూత. ఎంఈకేపీ నిల్వ ఉన్నప్పుడు కూడా కొద్దికొద్దిగా గ్యాసు వదులుతుంది. అందుకే కంపెనీ మూతలో గాలి పోయే సన్న ఏర్పాటు ఉంటుంది. మామూలు మూత బిగిస్తే, లేదా ఆ రంధ్రానికి రెజిన్ అంటి మూసుకుపోతే, ఒత్తిడి లోపలే పేరుకుంటుంది. దీనికంటే భయపడాల్సిన కారణం ఇంకోటుంది. కొలిచి మిగిలిన హార్డెనర్‌ను ఎవరైనా తిరిగి క్యాన్‌లో పోశారేమో అడగండి. కోబాల్ట్ అంటిన మగ్గు నుంచి ఒక చుక్క పడినా, తుప్పు రేణువు పడినా చాలు, లోపల నెమ్మదిగా వేడి పుడుతుంది. బయటికి తీసింది ఎంతైనా సరే, తిరిగి లోపలికి పోకూడదు.

నిల్వ: లేబుల్ మీద సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల లోపు అని ఉంటుంది. మామూలు గ్రేడు ఎంఈకేపీ తనంతట తాను వేడెక్కుతూ పోయే ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీలు. ప్యాకింగు సైజును బట్టి అది మారుతుంది, పెద్ద డబ్బాకైతే తగ్గుతుంది. మే నెలలో తిరుపతిలో బయటే 42 ఉంటే రేకు కింద 50 దాటడం వింతేమీ కాదు. అంటే మీ క్యాన్లకూ ప్రమాదానికీ మధ్య మిగిలింది పది డిగ్రీలే. మిద్దె ఉన్న గది చూడండి. ఉత్తరం వైపు కిటికీ, గాలి ఆడేది, ఎండ నేరుగా పడనిది. కింద ప్లాస్టిక్ ట్రే పెట్టి క్యాన్లు దాంట్లో నిలబెట్టాలి. రెజిన్, కోబాల్ట్, అసిటోన్ ఆ గదిలో ఉండకూడదు. ఇంట్లో ఫ్రిజ్ వద్దే వద్దు. లోపలి స్విచ్చుల్లో నిప్పురవ్వ పుట్టొచ్చు, పైగా తినే వస్తువుల పక్కన పెట్టే సరుకు కాదిది.

అసలు నాలుగు క్యాన్లు ఎందుకు? 200 కిలోల రెజిన్ డ్రమ్ముకు 1.5 శాతం లెక్కన 3 కిలోల హార్డెనర్ చాలు. ఒక క్యాన్ ఒకటిన్నర డ్రమ్ముకు పైనే వస్తుంది. ఎండాకాలం రెండుకు మించి ఉంచకండి.

గెల్ టైమ్

మగ్గులో గడ్డ కట్టడం గురించి. పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. కానీ దానికి హార్డెనర్ తగ్గించడం తప్పు మందు. 1 శాతం కంటే కిందికి పోతే పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల క్యూర్ పూర్తి కాదు, తొట్టిలో స్టైరిన్ (రెజిన్‌లో ఉండే ఘాటు ద్రవం) వాసన వారాల తరబడి వదలదు. తగ్గించాల్సింది కోబాల్ట్. కొన్ని రెజిన్లలో కోబాల్ట్ ముందే కలిపి వస్తుంది, డ్రమ్ము మీద చూసుకోండి. అలాంటిదానికి మళ్లీ మీరు వేస్తే గడ్డ కట్టక ఏమవుతుంది?

అర కిలోకు మించి ఒకేసారి కలపకండి. లోతు మగ్గు బదులు వెడల్పు బేసిన్ వాడితే వేడి బయటికి పోతుంది. కిలో రెజిన్‌కు 1.5 శాతం అంటే 15 గ్రాములు, మిల్లీలీటర్లలో 13 దాకా. మూతతో అంచనాగా పోసే అలవాటు మానిపించండి. గీతలున్న పాలిథీన్ కొలత సీసా వాడండి. ఇత్తడి, రాగి, జింకు, ఇనుము ఏదీ హార్డెనర్‌కు తగలకూడదు.

కలిపే వరుస మాత్రం ప్రాణం పోయినా మార్చొద్దు. కోబాల్ట్ ముందు రెజిన్‌లో వేసి, రంగు అంతా ఒకేలా అయ్యేదాకా కలపాలి. ఆ తర్వాతే హార్డెనర్. ఈ రెండూ నేరుగా కలిస్తే క్షణాల్లో భగ్గుమంటుంది. ఒకే చెంచా, ఒకే గరాటు, ఒకే అలమర కూడా వద్దు.

మిగిలిన కలిపిన రెజిన్ చెత్తబుట్టలో వేయకండి. మగ్గులో గడ్డ 150 డిగ్రీలు దాటి పొగలు కక్కుతుంది, పక్కన కాగితం ఉంటే అంటుకుంటుంది. బయట ఇసుక మీద పలచగా పోసి నీళ్లు చల్లండి.

చిత్తూరు సేఫ్టీ

పైన ఇద్దరూ కళ్ల గురించి చెప్పలేదు. ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ చెడేది కళ్లే. చుక్క పడితే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) శాశ్వతంగా పాడవ్వొచ్చు. నొప్పి తగ్గినట్టు అనిపించి తర్వాత ముదిరే అవకాశం కూడా ఉంది. కలిపే చోటికి పది అడుగుల్లో కుళాయి ఉండాలి, రెప్పలు తెరిచి పట్టి కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగాలి. మొదటి కొన్ని సెకన్లే ముఖ్యం కాబట్టి ఫోన్ వెతుక్కోవడం, ఆటో పిలవడం తర్వాత. పాలు, నూనె, చుక్కల మందు ఏదీ వేయొద్దు. కడిగాక తిరుపతి రుయా ఆసుపత్రికో, అరవింద్ కంటి ఆసుపత్రికో లేబుల్ ఫోటోతో పోవాలి. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా 108.

ఇంకో మాట. ఈ ద్రవం చూడటానికి నీళ్లలా ఉంటుంది. దీన్ని నీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పోసుకుని బల్ల మీద పెట్టే షెడ్లు చాలా ఉన్నాయి. ఆ సీసా కనిపించిన రోజే పారేయించండి.

రేణిగుంట ఫైబర్ షెడ్

చాలా థ్యాంక్స్ అన్నా. క్యాన్ చుట్టుపక్కల ఎవరినీ పోనీయడం లేదు, డీలర్‌కు ఫోన్ చేస్తున్నా. రెండు డౌట్లు. హార్డెనర్ కింద ఒలికితే గుడ్డతో తుడవొచ్చా? స్ప్రే గన్‌కు పలచన చేయడానికి అసిటోన్ కలపొచ్చంటున్నాడు ఒకాయన.

పెరాక్సైడ్ పాఠం

ఆ రెండోది చెప్పిన ఆయన్ను ఆ గన్ దగ్గరికి రానీయకండి. ఎంఈకేపీలో అసిటోన్ కలిపితే పేలే గుణమున్న అస్థిర మిశ్రమం తయారవుతుంది. అసిటోన్ పని బ్రష్షులు కడగడం వరకే, అదీ వేరే చోట.

ఒలికితే పాత గుడ్డ, రంపపు పొట్టు, కాటన్ వేస్ట్ వద్దు. అవి హార్డెనర్ పీల్చి, కొన్ని గంటల తర్వాత మనుషులు లేనప్పుడు అంటుకోగలవు. వర్మిక్యులైట్ (ద్రవాన్ని పీల్చే, మంట అంటని ఖనిజం) గానీ శుభ్రమైన తడి ఇసుక గానీ చల్లి, ప్లాస్టిక్ చేటతో ఎత్తి, ఇంకా తడిపి, మూత బిగించని ప్లాస్టిక్ బకెట్‌లో షెడ్డుకు బయట పెట్టండి. డ్రైనేజీలో పోయకండి, ఆ రోజే డీలర్‌తో మాట్లాడి వదిలించుకోండి. గ్రైండింగ్ దుమ్ము మీద హార్డెనర్ చుక్కలు పడ్డా ఇదే తంతు, అందుకని ఆ రెండు పనులూ ఒకే మూల పెట్టకండి.

మంటకు నీటి తుంపరే నమ్మాలి. గోనె సంచి కప్పి గాలి ఆపితే ఆరుతుందనుకోవద్దు, పెరాక్సైడ్ తన ఆక్సిజన్ తానే మోసుకొస్తుంది. చిన్న మంట పౌడర్‌తో ఆరినా మళ్లీ రాజుకుంటుంది, చల్లబడేదాకా నీళ్లు ఆపొద్దు.

గెల్ టైమ్

పుట్టీ పని కూడా ఉంటే, బీపీఓ (బెంజాయిల్ పెరాక్సైడ్, పుట్టీకి వాడే హార్డెనర్) పేస్ట్ ట్యూబు మూత తెరిచి వదలకండి, ఎండిపోయి పొడిగా మారితే రాపిడికే పేలే అవకాశం ఉంది. దాన్ని ఎంఈకేపీ గదిలో కలిపి పెట్టొద్దు. అవునూ, డీలర్ ఏమన్నాడు?

రేణిగుంట ఫైబర్ షెడ్

సాయంత్రం మనిషిని పంపిస్తానన్నాడు, అంతదాకా నీళ్లు కొడుతూ ఉండమన్నాడు. గాలి పోయే కొత్త మూతలు కూడా తెమ్మని చెప్పినా.